అరువిచ్చిన నాలుక

బందరులో మా గుడికి ప్రభు భోజనపు ద్రాక్షారసం కాచేదాన్ని నేను. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఆ పని మా అత్తగారి చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది. దుకాణాల్లో అమ్మే మత్తు సరుకు మా సంఘానికి పనికిరాదు. ఎండుద్రాక్ష కడిగి, మంచినీళ్ళలో నానేసి, మర్నాడు చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి, సన్నసెగ మీద సగమయ్యేదాకా కాచాలి. పంచదార చాలా కొంచెం. చివర్న ఒక్క ఉప్పురవ్వ. ఆ ఉప్పెందుకని అడిగితే, "వేస్తే తెలీదు, వెయ్యకపోతే తెలుస్తుంది," అంది మా అత్తగారు. లవంగాలూ యాలకులూ మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు. "ఇది పాయసం కాదే అమ్మాయ్, ప్రభువు బల్ల మీద పెట్టేది," అనేది.

అంత మడిగా ఉండే పని చేసేదాని మొగుడు ఓడల్లో తెల్లదొరలకి వైను సీసాల బిరడాలు పీకే మనిషి. దేవుడికీ వేళాకోళం బాగానే తెలుసు. మా ఆయనది దివిసీమ, నాగాయలంక అవతల ఊరు. చిన్నప్పుడే కలకత్తా పోయి సరుకుల ఓడలో చేరి బట్లరయ్యారు. పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు ఓడ మీదే ఉండి, ఎప్పుడో ఒకసారి బందరు వచ్చి, మా అత్తగారినీ నన్నూ చూసిపోయేవారు. పంతొమ్మిదివందల యాభైల మధ్యలో ఓడ దిగారు, మళ్ళీ ఎక్కలేదు. మాకు పిల్లలు కలగలేదు. ఒకరికొకరం పిల్లలం.

ఇంట్లోకి సీసా వస్తే నేను గుమ్మం దాటిపోతానని పెళ్ళిలోనే చెప్పేశాను. ఉత్తి బెదిరింపు కాదది. గూడూరు దగ్గర మా ఊళ్ళో మా తాత పేరుమోసిన తాగుబోతు. ఆయన కల్లుకుండ నేలకేసి కొట్టిన రోజునే మా ఇంటికి దేవుడొచ్చాడని మా నాన్న చెప్పేవాడు. మిషను బళ్ళో మా అందరి చేతా ప్రమాణం చేయించారు, మత్తు పానీయం పెదవికి తాకనివ్వమని. నా మటుకు అది బళ్ళో చెప్పించిన పద్యం కాదు, మా తాత పగలగొట్టిన కుండ.

మా ఆయన నవ్వి సరేనన్నారు. సీసాలు తేలేదు గానీ వాటి కబుర్లు మాత్రం మోసుకొచ్చారు. ఏ చేపకి ఏ వైను, ఏది చల్లగా ఇవ్వాలి, ఏది గది వేడిలో ఉంచాలి అని నేను చేపలు తోముతుంటే పీట వేసుకుని చెప్పేవారు. అవి మద్యనిషేధం రోజులు. ఆ విద్య బందరులో ఎండాకాలంలో కంబళి లాంటిది. అయినా ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, పై ఆఫీసర్లొస్తే విందులకీ చేపలు వండాలంటే ఆయన్నే పిలిచేవారు. నోట్లో ఒక్క బొట్టు వేసుకుని, "చింతపండు పాతది," అనో, "చేప పొద్దుటిది కాదు, రాత్రిది," అనో తేల్చేసేవారు. ఆయన నాలుకంటే ఊళ్ళో అంత గురి.

అలాంటి మనిషికి గొంతులో రాచపుండు లేచింది. మద్రాసు తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో రేడియం కరెంటు పెట్టించుకొచ్చాం. ప్రాణం దక్కింది గానీ నాలుక చచ్చిపోయింది. ఉప్పూ లేదు, పులుపూ లేదు. వాసన కూడా సరిగా అందేది కాదు. బందరు ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర నేను గోలపెడితే ఆవిడ నా భుజం తట్టింది. "కరెంటు పెట్టినవాళ్ళకి ఇది మామూలేనమ్మా. కొన్ని నెలలకి దానంతటదే వస్తుంది. నాలుక తిరిగొచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టే అనుకో," అంది.

ధైర్యానికి అన్నదేమో ఆ తల్లి. మేం మాత్రం ఆ మాటని దేవుని వాక్యంలా పట్టుకున్నాం. రోజూ పొద్దున్నే ఆయన కళ్ళు మూసుకుని నోరు తెరిచేవారు. నేను ఒకరోజు ఉప్పు, ఒకరోజు బెల్లం, ఒకరోజు చింతపండు నాలుక మీద పెట్టి, "ఏంటో చెప్పండి," అనేదాన్ని.

"తడిగా ఉంది," అనేవారు. లేకపోతే, "గరగరలాడుతోంది."

"రేపు తెలుస్తుందిలెండి," అనేదాన్ని. వంటింట్లోకొచ్చి పొయ్యి మీద విసుక్కునేదాన్ని.

"ఎవరికీ చెప్పకు," అని ఒక్కటే మాట తీసుకున్నారు నా దగ్గర. "రోగమొచ్చిందంటే జాలిపడతారు. నాలుక పోయిందంటే ఇక నన్నెందుకు పిలుస్తారు?" నేను చెప్పలేదు.

అరవైల చివర్లో నిషేధం ఎత్తేశారు. అప్పటికి గుడివాడ నుంచి వచ్చిన ఒక ఆసామి, బాగా పొలమూ పుట్రా ఉన్నవాడు, మా బస్టాండు దగ్గర చేపల భోజనం హోటలు నడుపుతున్నాడు. మంచివాడు, కాస్త హడావుడి మనిషి. మాకేం చుట్టం కాకపోయినా మా ఆయన్ని మావయ్యగారూ అనీ, నన్ను అత్తయ్యగారూ అనీ పిలిచేవాడు. ఒకనాడు కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"మావయ్యగారూ, మనకి లైసెన్సు వచ్చిందండీ. మద్రాసులో ఉన్న మా బావమరిది అక్కడి పెద్ద హోటల్లో చూసి ఈ జాబితా రాసి పంపాడు. సీసాలు కూడా దిగాయి. ఈ పేర్లకి నాకు నోరు తిరిగి చావట్లేదు. మీరొచ్చి మన చేపలతో ఒక్కొక్కటీ రుచి చూసి, ఏది ఉంచాలో ఏది కొట్టెయ్యాలో చెప్పాలి. మీరు సరేనన్నవే గోడ మీద రాయిస్తాను."

మా ఆయన మొహం చూశాను. ఎన్ని నెలలైందో ఆ మొహంలో ఆ వెలుగు చూసి! కాగితం అందుకుని పైనుంచి కిందికి చదువుతూ, "తెల్లవైను, ఎర్రవైను, షెర్రీ, పోర్టు," అని పాత నేస్తాల పేర్లు పలికినట్టు పలికారు. "రేపు మధ్యాహ్నం వస్తాను," అని మాటిచ్చేశారు.

ఆసామి వీధి మలుపు తిరగ్గానే నేను లేచాను. "ఏం పెట్టుకుని రుచి చూస్తారండీ?"

"నీది పెట్టుకుని," అన్నారు.

"మతిగానీ పోయిందా మీకు?"

"నీళ్ళలో ఉప్పురవ్వ కనిపెట్టే నాలుక నీది. ఏముందో నువ్వు చెప్పు. దాని అర్థం నేను చెప్తాను."

"మా తాత సమాధిలోంచి లేచి కూచుంటాడు!"

"మింగొద్దు. పుక్కిలించి ఉమ్మెయ్. దొరలూ అంతే చేసేవాళ్ళు. ప్రమాణం తాగనని కదా చేశావు?"

"పెదవికి తాకనివ్వనని చేశాను. పెద్ద ప్లీడరు బయల్దేరాడండీ, వాదించడానికొచ్చాడు!"

ఆ రోజంతా సాధించాను. దీపాలు పెట్టే వేళకి మాత్రం, "వాడు అడుగుతున్నంత సేపూ నేను రోగినన్న సంగతి మర్చిపోయాను," అన్నారు మెల్లగా. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని ఆయన వెనకాలే రిక్షా ఎక్కాను.

హోటలు మేడ మీద గది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద వరసగా సీసాలు. పక్కన గిలకలదిండి రేవు నుంచి ఆ పూటే వచ్చిన చందువల వేపుడు, పండుగప్ప ఇగురు, కృత్తివెన్ను రొయ్యలు, పీతల పులుసు. ఆసామి నన్ను చూసి తెల్లబోయాడు. "అత్తయ్యగారు కూడానా అండీ!"

"చేపకీ దీనికీ పొత్తు కుదిరిందో లేదో వండే మనిషి నోటికి తెలియాలి. నాకు కారం పడట్లేదు," అన్నారు మా ఆయన తొణక్కుండా.

ఆయన గ్లాసు వెలుతురుకెత్తి చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి కళ్ళు మూసుకున్నారు. అచ్చం రుచి చూస్తున్న మనిషిలాగే ఉన్నారు. నేను చందువ ముక్క నమిలి, మా తాతకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, తెల్లవైను చుక్క పోసుకున్నాను. నిజం చెప్పొద్దూ, భయం కంటే ముందు పులుపే తెలిసింది. కొంగు అడ్డం పెట్టుకుని చెంబులో ఉమ్మి, ఆయన చెవిలో గొణిగాను. "పచ్చి ఉసిరికాయ కొరికినట్టుందండీ. ఆ తర్వాత నోట్లో నూనె జిడ్డు లేదు."

ఆయన కళ్ళు తెరిచారు. "ఇది ఉంచు. వేపుడుకి ఇంతకంటే జత లేదు. నూనెని కోసేస్తుంది."

ఆసామి పెన్సిలు తడుపుకుని రాసుకున్నాడు. తర్వాత ఎర్రవైను. చూడ్డానికి నేను కాచే ద్రాక్షారసం రంగే. పండుగప్ప మీద ఒక చుక్క పడగానే మొహం చిట్లించాను. "ఛీ, ఇనప గరిటె నాకినట్టుంది!"

గొణగడం మర్చిపోయి పైకే అనేశాను. మా ఆయన బల్ల మీద చేత్తో కొట్టి నవ్వారు. "అదీ! సరిగ్గా అదే! ఎర్రది చేపతో పెడితే ఇనుమే వస్తుంది. కొట్టెయ్యి దాన్ని. మాంసం వండిన రోజున చూసుకుందువు గాని."

పోర్టు మాడిన బెల్లప్పాకంలా ఉంది. "భోజనమయ్యాక, ఒక చిన్న గ్లాసు. చేప దరిదాపుల్లోకి రానివ్వకు," అన్నారు. బీరు కాకరకాయలు ఉడకేసిన నీళ్ళలా ఉంది. అయినా రొయ్యల కారం మీద నోటికి హాయిగానే ఉందని ఒప్పుకోక తప్పలేదు. దాన్ని ఉంచమన్నారు. షెర్రీకి నేను పేరు పెట్టలేకపోయాను. "నానిన వేరుసెనగపప్పు వాసన," అంటే, "మంచిదే, కానీ ఇక్కడెవరూ అడగరు," అని కొట్టించేశారు. బ్రాందీ, రమ్ము మూత కూడా తీయనివ్వలేదు. అవి తాగేవాళ్ళు చేప రుచి కోసం రారన్నారు. పీతల పులుసుతో ఒక్కొక్కటీ మళ్ళీ చూశాం. ఒక్కటీ కలవలేదు, పులుపు మీద పులుపు దెబ్బలాడుకుంది.

"పులుసుకి తోడు వేడన్నమే. ఆ మాట గోడ మీద రాయించు," అన్నారు.

"నవ్వుతారండీ మావయ్యగారూ!"

"నవ్వనీ. ఇంకో లోటుంది నీ జాబితాలో. తెల్లారుతూనే దించిన తాటికల్లు లేదు. మా దివిసీమలో కాల్చిన చేపకి జత అదే."

"కల్లు పెడితే ఆఫీసర్లు రారు కదండీ."

"అయితే ఇది మద్రాసు జాబితాయే గానీ బందరుది కాదు," అన్నారు. కోపంగా కాదు, తీర్పు చెప్పినట్టు అన్నారు. ఆసామి తల ఊపి అదీ రాసుకున్నాడు.

రిక్షాలో తిరిగొస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. వీధిలో ఎన్నడూ పట్టుకోని మనిషి. "ఆ ఉసిరికాయ పులుపు ముందొచ్చిందా, చివర్నొచ్చిందా?" అని అడిగారు. చెప్పాను. మళ్ళీ, "ఉసిరికాయేనా, మామిడికాయా?" అన్నారు. అదీ చెప్పాను. తను వెళ్ళలేకపోయిన తిరణాల గురించి పసివాడు అడిగినట్టు ఇంటిదాకా అడుగుతూనే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. మొహం అవతలికి తిప్పుకుని, దుమ్ము పడిందన్నాను.

ఆ ఆసామి మంచితనమే మా కొంప ముంచింది. ఆ వారం స్త్రీల సమాజం ప్రార్థన మా ఇంట్లో. ముందుగదిలో చాపలేసుకుని అందరూ పాట పాడుతున్నారు. మా ఆయన మందుబిళ్ళ వేసుకుని లోపలిగదిలో నిద్రపోతున్నారు. ఇంతలో రిక్షావాడు గుమ్మంలో బుట్ట దించి, "అత్తయ్యగారికి ఇమ్మని హోటలాయన పంపారండీ. మీ నోటి చలవేనంట," అని గట్టిగా అరిచి వెళ్ళిపోయాడు. బుట్టలో ఐసు మధ్య నిగనిగలాడే చందువలు. వాటి మధ్యలోంచి తెల్లవైను సీసా మెడ పైకి నిక్కి చూస్తోంది.

పాట ఆగిపోయింది. మా సమాజానికి పెద్దావిడ ఒక రిటైరైన టీచరమ్మ. చెడ్డమనిషి కాదు. నాకు దారి చూపించాలనే అడిగింది. "మీ ఆయన కోసమా అమ్మా? ఓడల మీద తిరిగిన మనిషి కదా."

అవునంటే తీరిపోయేది. రోగి మీదకి నెట్టేస్తే ఎవరూ ఏమీ అనరు. ఆయన నాలుక పోయిందనీ, అందుకే ఆయన బదులు నేను రుచి చూశాననీ చెప్పినా సగం మంది కళ్ళు తుడుచుకునేవారు. కానీ చెప్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఆసామికీ తెలుస్తుంది. గోడ మీద రాయించే మాటలు ఎవరివని అడుగుతారు. లోపల ఆయన దగ్గారు.

"నాకేనండీ," అన్నాను. "నేనే రుచి చూశాను."

"ఎందుకమ్మా?"

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నా నోరు ఊరికే ఉండటం ఆ ఊళ్ళో ఎవరూ అంతకు ముందు చూసి ఉండరు.

తర్వాత అందరూ మాట్లాడుకుని, ప్రమాణం తప్పిన చేత్తో బల్ల ద్రాక్షారసం కాయడం బాగుండదని తేల్చారు. ఆ పని టీచరమ్మే తీసుకుంది. మా అత్తగారి నాటి సత్తుగిన్నె, వడకట్టే గుడ్డ గుడివే. గిన్నె నేనే చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి, తీసుకెళ్ళి ఇచ్చొచ్చాను. ఉప్పురవ్వ సంగతి టీచరమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. దారంతా తిట్టుకున్నాను. ఎవర్నని అడిగితే చెప్పలేను.

మా ఆయనకి ఈ సంగతి తెలియనివ్వలేదు. అప్పటికే జబ్బు వల్ల ఆయన గుడికి రావడం మానేశారు. గుళ్ళో ప్రభు భోజనమిచ్చే బల్ల ఆదివారం ముందురోజు ఎప్పటిలాగే ఎండుద్రాక్ష నానేసి, వేరే గిన్నెలో కాచేదాన్ని. ఆయన మంచం మీంచి, "ఉప్పు వేశావా?" అని అడిగేవారు. "వేశానండీ," అనేదాన్ని. మర్నాడు దాన్ని పారబొయ్యడానికి చేతులు రాక, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి తాగేసేదాన్ని.

హోటలు గోడ మీద మాత్రం ఆయన చెప్పినట్టే రాయించారట, పులుసుకి వేడన్నమేనని కూడా. ఆ సంగతి ఆసామి వచ్చి చెప్తే మా ఆయన చూడాలని ఆశపడ్డారు. ఎండ తగ్గాక వెళ్దామన్నాను. ఎండ తగ్గేలోగా గొంతులో మళ్ళీ గడ్డ తేలింది.

ఈసారి మద్రాసు వద్దన్నారు. డాక్టరమ్మ నా మొహంలోకి చూడకుండా మందులు రాసింది. అయినా పొద్దున్నే నోరు తెరవడం ఆయన మానలేదు. నాలుక మీద ఉప్పు పెట్టడం నేనూ మానలేదు. "ఇవాళ కాస్త తెలిసినట్టుందా?" అని అడిగేదాన్ని. తల అడ్డంగా ఊపి, నన్ను ఓదారుస్తున్నట్టు నా చెయ్యి తట్టేవారు.

గంజి కూడా దిగనప్పుడు మా గుడి పాస్టరు అయ్యగారు ప్రభు భోజన సంస్కారం ఇవ్వడానికి ఇంటికొచ్చారు. ముక్కాలిపీట మీద తెల్లగుడ్డ పరిచి, చిన్న సీసాలోంచి ద్రాక్షారసం గిన్నెలో పోశారు. గుప్పున లవంగాల వాసన. టీచరమ్మ చేతి పని. పంచదార పాకంలాగా జారుతోంది కూడా. నేను తల వంచుకున్నాను.

అయ్యగారు ఆయన తల ఎత్తి పట్టుకుని పెదవులు తడిపారు. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. హోటలు మేడ మీద కూర్చున్నట్టే ఉన్నారు. ఎలాగో మింగి, నా కోసం చెయ్యి చాపారు.

"నీ చేతిదే," అన్నారు. గొంతు పెగలడం లేదు, అయినా మొహం వెలిగిపోతోంది. "చివర్న ఉప్పురవ్వ తగిలింది. నాలుకొచ్చేసిందే."

అయ్యగారు నావైపు చూశారు. ఆ ద్రాక్షారసం ఎవరు కాచారో ఆయనకి తెలుసు. అందులో ఉప్పు లేదని నాకు తెలుసు. మా ఆయనకే ఏమీ తెలీదు.

"అవునండీ, నాదే," అన్నాను.

"నాలుకొస్తే మనిషొచ్చినట్టేనని డాక్టరమ్మ అంది కదూ?"

"అందండీ."

"అయితే ఇక ఫర్వాలేదు," అని నిశ్చింతగా దిండు మీదకి ఒరిగారు.

అయ్యగారు నావైపు తిరిగారు. గిన్నె నా పెదవుల దగ్గర పెట్టారు. తీపి, లవంగాల ఘాటు, అడుగున కాస్త మాడు. ఏముందో చెప్పమని అడిగే మనిషి నా చెయ్యి పట్టుకుని నిద్రలోకి జారిపోతున్నారు. నేను మింగేశాను.